ముప్పై ఒక్క కిలోల కాగితం

ఆఫీసు పదింటికి తెరవాలి. కాటా బాబాయ్ తొమ్మిదికే వచ్చేస్తాడు. తాళాలు తీసి, కిటికీలు బార్లా తెరిచి, ఆఫీసరు బల్ల మీది దుమ్ము తన తువ్వాలుతోనే దులిపేసి, అదే తువ్వాలుని నాలుగు మడతలు పెట్టి ఎడమ భుజం మీద వేసుకుంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఊళ్ళో నాలుగు చోట్ల అభిప్రాయాల పెట్టెలు పెట్టారు. ఆస్పత్రి దగ్గరొకటి, పోస్టాఫీసు దగ్గరొకటి, బస్టాండులో ఒకటి, మెట్ల సందు పైన సైకిలు షాపు ముందు ఒకటి. రోజూ నిండిన పెట్టెని భుజానికెత్తుకుని రావాలి, దాని బదులు ఖాళీది పెట్టి రావాలి.

"వచ్చే పదేళ్ళలో మీ ప్రాంతానికి ముందుగా ఏం కావాలి?" అని అభివృద్ధి ఆఫీసు వాళ్ళు ఇంటింటికీ ఫారాలు పంచారు. ఫారంలో పది గళ్ళు. రోడ్లు, ఫ్లైఓవర్, మంచినీళ్ళు, మురుగుకాలవలు, వీధిదీపాలు, బస్సులు, ఆస్పత్రి, బడి గదులు, మార్కెట్టు, పార్కు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి పెట్టెలో వేస్తే సరి. పేరు కూడా రాయక్కర్లేదు.

ఈ ఆఫీసులో ఫారాలని లెక్కపెట్టరు, తూస్తారు. ఒకప్పుడు లెక్కపెట్టేవారే. ఒక్కడే కూర్చుని వంద ఫారాలు నింపే తెలివి జనానికి అబ్బిన తర్వాత ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. అవసరం ఎంతుంటే ఫారం అంత బరువుంటుంది. దీనికి ఎవరూ ముక్కున వేలేసుకోరు. నిప్పు కాలుస్తుంది, నీళ్ళు తడుపుతాయి, అవసరం బరువేస్తుంది, అంతే. సరదాకి పార్కు అడిగినవాడి ఫారం ఫ్యాను వేస్తే ఎగిరిపోతుంది. రోజూ కిలోమీటరు నడిచి నీళ్ళు మోసుకొచ్చే ఇంటి ఫారం పెట్టె అడుక్కి చేరి కదలకుండా కూర్చుంటుంది. వెనక గదిలో ఒక పాత ఇనప కాటా ఉంది. దాని మీద కట్టలు కట్టి తూచి, ఏ కట్ట బరువైతే ఆ పనిని జాబితాలో పైన రాస్తారు.

ఆ ఇనప కాటా కంటే ముందే బాబాయ్ భుజం చెప్పేస్తుంది. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, ఇంకెక్కడా లేదు. ముప్పై నాలుగేళ్ళుగా అదే ఆఫీసులో అటెండరు. నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఇంటికెళ్ళగానే ఇంటావిడ భుజానికి నూనె మర్దనా చేస్తుంది, చేస్తూనే ఊరి సంగతులన్నీ తెలుసుకుంటుంది.

"ఇవాళ భుజం చల్లగా ఉందే. నీళ్ళ గొడవా?" అంటుంది.

"ఆఁ. పై వీధుల్లో నాలుగు రోజుల్నించీ కుళాయి రావట్లేదట."

"పాపం. మరి ఈ గీత ఏంటి, తాడు ఒరుసుకున్నట్టు?"

"ఆస్పత్రి పెట్టె. అక్కడివి కోసుకుపోతాయి."

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి ఆ సంగతులు సగం ఊరికి తెలిసిపోతాయి. ప్రజల అభిప్రాయం మళ్ళీ ప్రజలకే చేరుతోంది కాబట్టి ఆఫీసువాళ్ళు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ సోమవారం పొద్దున సైకిలు షాపు ముందున్న పెట్టె ఎత్తబోయి బాబాయ్ ఆగిపోయాడు. పెట్టె లేవలేదు.

"ఎవరైనా రాళ్ళేశారా బాబాయ్?" అన్నాడు సైకిలు షాపతను, ట్యూబుకి జిగురు రాస్తూ. "నిన్న పెట్టె నోరు మూసుకుపోయేంతగా ఫారాలు కుక్కేశారు. నేనే ఇలా వేలు పెట్టి లోపలికి తోశాను."

"నీ జిగురు వేళ్ళతోనా?"

"చేతులు కడుక్కునేంత తీరికేది?"

ఇద్దరూ పట్టి పెట్టెని భుజం మీదకి చేర్చారు. పది అడుగులు వేసేసరికి బాబాయ్‌కి ఏదో తేడాగా అనిపించింది. మామూలుగా ఏ బరువైనా కిందికి లాగుతుంది. ఇది లాగలేదు. మలుపులో తను కొంచెం వంగితే అదీ సర్దుకుంది. మెడ చుట్టూ రెండు చేతులు వేసి ఎవరో పట్టుకున్నట్టుంది. చెవి పక్కన వెచ్చగా కూడా ఉంది. ముప్పై నాలుగేళ్ళలో రోడ్లు మోశాడు, వంతెనలు మోశాడు, ఒకసారి ఏకంగా రైల్వే స్టేషనే మోశాడు. ఇలాంటిది ఎప్పుడూ మోయలేదు.

ఆఫీసులో కంప్యూటరు అమ్మాయి ఫారాలన్నీ కట్టలు కట్టి కాటా మీద పెట్టింది. మంచినీళ్ళు పంతొమ్మిది కిలోలు. ఆస్పత్రి పదహారు. ఫ్లైఓవర్ కట్ట పెట్టగానే ముల్లు గిర్రున తిరిగి ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

అందరూ నోరెళ్ళబెట్టారు. ఎందుకంటే ఆ ఫ్లైఓవర్ ఎవరికి కావాలో అందరికీ తెలుసు. ఊళ్ళో రోడ్ల కాంట్రాక్టరుకి ఒక బావమరిది ఉన్నాడు. ఊరందరికీ అతను బావమరిదే, ఆ పేరుకి అతనూ పలుకుతాడు. నూట ఎనభై ఫారాలు ఒకే పెన్నుతో, ఒకే చేత్తో టిక్కు పెట్టి విడతలుగా వేశాడు. పోయిన వారం వచ్చినవి ఫ్యాను గాలికి గది నిండా ఎగిరితే కంప్యూటరు అమ్మాయి స్టూలెక్కి పట్టుకోవాల్సి వచ్చింది.

కబురు ఎలా తెలిసిందో గానీ బావమరిది మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు.

"చూశారా సార్! ప్రజల గుండె చప్పుడంటే ఇదీ!"

"ముప్పై ఒక్క కిలోల గుండె చప్పుడు," అంది కంప్యూటరు అమ్మాయి కంప్యూటరు వైపు చూస్తూ.

ఆఫీసరు కుర్రవాడు. ఈ ఊరొచ్చి ఆరు నెలలే అయింది. మంచివాడే గాని రూల్సు పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకునే రకం. గురువారం ప్రజల సభ. శుక్రవారం జాబితా పైకి వెళ్ళాలి. అతను పెన్ను తీసి ఒకటో నంబరు ఎదురుగా ఫ్లైఓవర్ అని రాయబోయాడు.

"ఆగండి సార్," అన్నాడు కాటా బాబాయ్.

"ఏం బాబాయ్? కాటా అబద్ధం చెప్పదు కదా."

"చెప్పదు సార్. కానీ దానికి భుజం లేదు. నేను మోసుకొచ్చింది ఫ్లైఓవర్ కాదు. ఒక్కొక్క ఫారమే ఎత్తి చూడనివ్వండి."

"నూట ఎనభై ఫారాలా?"

"నెలాఖరుకి పోయేవాణ్ణి. నాకేం తొందర సార్?"

బాబాయ్ బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని చూశాడు. అన్నీ పొట్టే, గింజన్నదే లేదు. గంటన్నర తర్వాత ఒక ఫారం దగ్గర అతని చెయ్యి బల్లకి కొట్టుకుంది. అది ఒకటి కాదు, రెండు. సైకిలు షాపు జిగురుకి అతుక్కుపోయాయి. గోటితో నెమ్మదిగా విడదీశాడు. పైది ఫ్లైఓవర్ ఫారం, విడిపోగానే గాలికి లేచిపోయింది. కింద ఉన్నదాంట్లో ఏ గడిలోనూ టిక్కు లేదు. ఒక్క అక్షరం లేదు. అంచున మాత్రం సూదితో గుచ్చినట్టు ఐదారు చిల్లులున్నాయి.

ఆ ఖాళీ ఫారం ఒక్కదాన్నే కాటా మీద పెట్టారు. ముప్పై ఒకటి. మిగిలిన కట్ట మొత్తం పెట్టారు. ముల్లు కదల్లేదు. ఈలోగా ఎవరో ఫ్యాను వేశారు, నూట ఎనభై ఫ్లైఓవర్లూ గదంతా ఎగిరాయి. వాటి వెనకాల బావమరిది పరుగెత్తాడు. అతని అవస్థ చూసి జాలిపడి ఆఫీసరు కూడా పరుగెత్తాడు.

అన్నీ సర్దుకున్నాక ఆఫీసరు రూల్సు పుస్తకం తెరిచి నిట్టూర్చాడు.

"గళ్ళు నింపని ఫారం చెల్లదు బాబాయ్. పారెయ్యాలి."

"పారెయ్యండి సార్. బుట్ట అదిగో. నా వల్ల కాదు."

ఆఫీసరు రెండు చేతులతో కాగితాన్ని ఎత్తాడు. చెత్తబుట్ట దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. అతనికి ఇంట్లో రెండేళ్ళ కొడుకున్నాడు. నిద్రపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకుంటే తల భుజం మీద ఎలా వాలుతుందో అతనికి బాగా తెలుసు. కాగితం సరిగ్గా అలాగే వాలింది. వెనక్కి వచ్చి దాన్ని మెల్లగా బల్ల మీద పడుకోబెట్టాడు. అవును, పడుకోబెట్టాడనే అనాలి.

"ఇది ఎవరిది?" అని అడిగాడు.

పేర్లు లేకపోయినా ఫారాలకి నంబర్లున్నాయి. ఏ నంబరు ఏ ఇంటికిచ్చిందీ కంప్యూటరు అమ్మాయి రిజిస్టరులో రాసుకుంది. నాలుగు వందల పద్దెనిమిది. మెట్ల సందు, కింద చివరి ఇల్లు. బొత్తాలావిడ.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. ఫారం బాబాయ్ భుజం మీద ఉంది. మెట్ల సందంటే పేరుకే సందు. పై రోడ్డు నుంచి కింది ఇళ్ళకి అరవై రెండు రాతి మెట్లు. అడ్డదిడ్డంగా, ఒకటి జానెడైతే ఇంకొకటి మూరెడు. బడి, బస్సు, ఆస్పత్రి, దుకాణాలు అన్నీ పైనే. పదిహేడో మెట్టు సగం విరిగిపోయి ఉంది. దాని దగ్గరికి రాగానే భుజం మీద కాగితం బాబాయ్ మెడని గట్టిగా పట్టుకుంది. ఆ మెట్టు దానికి ముందే తెలుసు.

బొత్తాలావిడ గుమ్మంలో కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. పక్కనే గుట్టగా చొక్కాలు, డబ్బాలో బొత్తాలు. బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు పొద్దున తెచ్చిస్తారు, సాయంత్రం పట్టుకుపోతారు. మనుషుల్ని చూడగానే చేతిలో సూదిని పక్కనున్న పాత క్యాలెండరు కాగితానికి గుచ్చి లేచి నిలబడింది. బాబాయ్ భుజం మీద ఉన్నదాన్ని చూసింది. ఆవిడ మొహంలో రంగు మారింది. లోపలికి ఓరగా చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

లోపల చాప మీద గోడకానుకుని కూతురు కూర్చుంది. పదమూడేళ్ళుంటాయి. పుట్టుకతోనే కాళ్ళలో సత్తువ లేదు. ఆ లోటంతా నోటికిచ్చాడు దేవుడు. వీధిలో అందరూ రేడియో అని పిలుస్తారు.

"మీరు అభివృద్ధి ఆఫీసా? మా ఇంట్లో అభివృద్ధి ఏం లేదు, కూర్చోండి," అంది రేడియో. "నువ్వు కాటా తాతవి కదూ? ఫారాల కోసమా? మాక్కూడా ఒకటొచ్చింది. అమ్మ నాకు చూపించకుండా పెట్టెలో వేసేసింది. చదవనివ్వలేదు! నేను చదవని కాగితం ఈ ఇంట్లోంచి బయటికి పోవడం అదే మొదటిసారి."

"అందరికీ అందాయో లేదో చూడ్డానికి వచ్చాంలేమ్మా," అన్నాడు బాబాయ్. ఫారాన్ని గుమ్మం బయటే గోడకి ఆనించాడు.

ఆఫీసరు గుమ్మం బయటే నిలబడితే, అతనికి కుర్చీ తేవడానికి తల్లి పక్కింటికి వెళ్ళింది. చాప పక్కన ఒక పళ్ళెం ఉంది. సగానికి పైగా తినకుండా వదిలేసి, మీద ఇంకో పళ్ళెం బోర్లించారు.

"తాతా, నా బరువెంతో చెప్పు చూద్దాం," అంది రేడియో గొంతు తగ్గించి.

"ఎత్తకుండా ఎలా చెప్పనమ్మా?"

"ముప్పై ఒకటి. పోయిన నెల బళ్ళో తూచారు. అంతకు ముందు ముప్పై మూడు. రెండు తగ్గించాను." వేలితో పళ్ళెం వైపు చూపించింది. "సగం తిని కడుపు నిండిపోయిందంటాను. అమ్మ నమ్మేస్తుంది. పిట్ట తిండని తిడుతుంది, అంతే. వచ్చే నెలకి ముప్పైకి దిగుతా. అప్పుడు అమ్మకి నడుం నొప్పి రాదు. ఎవరికీ చెప్పకు."

కాటా బాబాయ్ పళ్ళెం ఎత్తి చూసి కింద పెట్టాడు. ఎన్నో బరువులు చూసినవాడు. ఒక పిల్ల తన బరువుని తనే కొంచెం కొంచెంగా కొరికి తగ్గించుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. "ఆకలేస్తుందా?" అని అడిగాడు.

"మధ్యాహ్నం మూడింటికి వేస్తుంది. లెక్కల క్లాసు. ఎలాగూ ఏడుపొచ్చే క్లాసే," అని నవ్వింది.

వెళ్ళేటప్పుడు బొత్తాలావిడ వాళ్ళతో పాటు మెట్ల మొదలు దాకా వచ్చింది. కూతురికి వినపడనంత దూరం వచ్చాక ఆగింది.

"తప్పయితే క్షమించండి సార్. ఖాళీగా వెయ్యకూడదని నాకు తెలీదు."

"తప్పేం కాదమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఎందుకు రాయలేదు?"

"మీ పది గళ్ళలో మాది లేదు సార్. కింద కాస్త తెల్లకాగితం ఉంది కదా, రాద్దామనే కూర్చున్నాను. రాస్తే అది చదువుతుంది. ఉప్పు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలదు." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులకి ఏమీ అంటలేదు. "రోజూ దాన్ని వీపున వేసుకుని ఈ మెట్లెక్కుతాను. పైన సైకిలు షాపులో చక్రాల కుర్చీ పెట్టించాను. అందులో కూర్చోబెట్టి బళ్ళో దింపుతాను. సాయంత్రం మళ్ళీ దింపుకొస్తాను. నాలుగేళ్ళప్పుడు పూలబుట్టలా ఉండేది. ఇప్పుడు నా నడుం పట్టేస్తోంది. ఇంకో ఏడాది మోస్తే నువ్వే మంచం పడతావన్నారు ఆస్పత్రిలో. ఈ ఏడు పరీక్షలు అవగానే బడి మాన్పించేద్దామనుకున్నాను. దానికింకా చెప్పలేదు."

"ఆ సంగతే రాయాల్సింది."

"ఏమని రాయను సార్? నా కూతురు నాకు బరువైందనా?" ఆవిడ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. "అది బరువు కాదు. మెట్లే బరువు. ఆ రెండూ విడదీసి ఎలా రాయాలో నాకు చేత కాలేదు."

ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. ఆవిడ తీసుకోలేదు. ఎన్ని చెప్పినా తల అడ్డంగానే ఊపింది. దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది.

తిరిగి మెట్లెక్కబోతూ ఆఫీసరు, "ఇలా ఇవ్వండి బాబాయ్," అని ఫారాన్ని తన వీపున వేసుకున్నాడు. ఇరవయ్యో మెట్టు దాకా బాగానే ఎక్కాడు. నలభైయ్యో మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

"రోజూ ఎక్కుతుందా ఆవిడ?"

"మోసేవాడికే తెలుస్తుంది సార్ కావడి బరువు," అన్నాడు బాబాయ్ పక్కన కూర్చుని.

మిగతా ఇరవై రెండు మెట్లూ ఆఫీసరే ఎక్కాడు. ఆ రాత్రి మాత్రం రూల్సు పుస్తకం తలగడ కిందకి వెళ్ళలేదట.

గురువారం మధ్యాహ్నం బడి హాల్లో సభ. కిక్కిరిసిపోయింది. ముందు వరసలో బావమరిది ఇస్త్రీ చొక్కాలో. వెనక వరసలో బొత్తాలావిడ, పక్కనే చక్రాల కుర్చీలో రేడియో. సభ ఏ ఊళ్ళో జరిగినా ఒకేలా జరుగుతుంది. మైకు పనిచెయ్యలేదు, పనిచేశాక అందరూ ఒకేసారి మాట్లాడారు. మంచినీళ్ళ కోసం పై వీధులవాళ్ళు, బస్సు కోసం బస్టాండు వాళ్ళు అరిచారు. బావమరిది ఫ్లైఓవర్ వల్ల కలిగే పదకొండు లాభాలు చదివాడు. ఆరో లాభమూ తొమ్మిదో లాభమూ ఒకటేనని ఎవరో అంటే నవ్వులు.

చివర్లో ఆఫీసరు లేచాడు.

"చెల్లినా చెల్లకపోయినా వచ్చిన ప్రతి ఫారమూ ప్రజల ముందు ఉంచాలని ఏడో రూలు. ఉంచాలన్నారు గానీ చదవాలని అనలేదు. ఈ ఫారంలో చదవడానికి ఏమీ లేదు. బరువు ముప్పై ఒక్క కిలోలు. ఒకరి తర్వాత ఒకరు కాసేపు పట్టుకుని పక్కవారికివ్వండి."

వెనక వరసలో రేడియో నోరు ఠక్కున మూసుకుంది. బొత్తాలావిడ తల దించుకుంది.

ఫారం మొదట బావమరిది చేతికొచ్చింది. "అమ్మో," అని రెండు చేతులా ఒళ్ళోకి తీసుకున్నాడు. ఏదో జోకు వేద్దామని నోరు తెరిచి, వెయ్యకుండానే పక్కవాళ్ళకిచ్చాడు. పోస్టుమ్యాన్ తీసుకున్నాడు. చంటిబిడ్డ తల్లి బిడ్డని ఒక తొడ మీదకి జరిపి రెండో తొడ మీద దాన్ని పెట్టుకుంది. ఒక ముసలావిడ ఒళ్ళో పెట్టుకుని, తనకే తెలియకుండా జోకొట్టడం మొదలెట్టింది. ఆవిడ చేతుల్లోంచి తీసుకోవడానికి పక్కవాళ్ళు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. సైకిలు షాపతని దగ్గరికి వచ్చేసరికి అతను గట్టిగా పట్టుకుని, "ఈ బరువు నాకు తెలుసు," అన్నాడు. రోజూ పొద్దున తల్లి వీపు మీదనుంచి కుర్చీలోకి దింపడానికి సాయం పట్టేది అతనే. కళ్ళు తుడుచుకుంటే కనుబొమకి జిగురంటింది.

చివరికి ఫారం వెనక వరసకి వచ్చింది. బొత్తాలావిడ చేతులు చాచింది. చాలా ఏళ్ళ అలవాటున్న చేతులు, బరువుని ఇట్టే పొదివి పట్టుకున్నాయి.

"ఇటివ్వమ్మా," అంది రేడియో.

"వద్దే. బరువు."

"ఇవ్వమ్మా."

రేడియో దాన్ని రెండు వేళ్ళతో అందుకుంది. ఆ హాల్లో అందరి చేతుల్నీ వంచిన కాగితం ఆ పిల్ల చేతిలో కాగితంలాగే ఉంది. ఎవరి బరువు వాళ్ళకి తెలియదు కదా. ఇటు తిప్పింది, అటు తిప్పింది. అలవాటు ప్రకారం పైనుంచి కింద దాకా మొత్తం చదివింది. పది గళ్ళు, నంబరు, ప్రెస్సు పేరు కూడా. అంచున ఉన్న సూది చిల్లుల్ని వేలితో తడిమింది. చాలాసేపు తడిమింది. ఇంట్లో ఏ కాగితం అంచునైనా అవే చిల్లులుంటాయి. ముప్పై ఒకటి తన బరువే, బడికి తప్ప అమ్మ తనని మొయ్యదు. తర్వాత తల్లి వైపు చూసింది.

"బడి మాన్పిద్దామనుకున్నావా?" అని అడిగింది మెల్లగా.

బొత్తాలావిడ కూతురి చెయ్యి పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు జారిపోయాయి.

రేడియో కుర్చీ పక్క సంచీలోంచి పెన్ను తీసింది. వేదిక మీద ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "సభ ముగిసేదాకా ఫారాలు నింపవచ్చునని పదకొండో రూలు. సభ ఇంకా ముగియలేదు," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

పది గళ్ళ కింద ఉన్న తెల్లని జాగాలో ఆ పిల్ల గుండ్రని అక్షరాలతో రాసింది. 'మెట్ల పక్కన వాలుదారి కావాలి. చక్రాలు పట్టేంత వెడల్పు. మా అమ్మ వీపు అరిగిపోతోంది.'

ఫారం మళ్ళీ చేతులు మారుతూ వేదిక దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఎవరి దగ్గరికి వస్తే వాళ్ళు చదివి మరీ అందించారు. అందించేలోపు ఒక్కొక్కరు నోరు విప్పారు. "మా అమ్మ ఆ మెట్లు దిగలేకే ఏడాదిగా చెల్లెలి ఇంటికి పోలేదు," అన్నాడు పోస్టుమ్యాన్. "నెలలు నిండినప్పుడు నన్ను మంచం మీద మోసుకొచ్చారు," అంది చంటిబిడ్డ తల్లి. పదిహేడో మెట్టు మీద పళ్ళు రాలగొట్టుకున్నవాళ్ళు నలుగురు తేలారు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదేం అంటే, మెట్లంటే మెట్లే కదా, అడిగేదేముంది అనుకున్నారట.

బావమరిది చేతికొచ్చినప్పుడు అతను రెండుసార్లు చదివాడు. "వాలుదారి అయితే మా బావ నెల్లో వేసేస్తాడు," అన్నాడు. ఎవరి పిచ్చి వాళ్ళది. కానీ ఆ ఫారాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పక్కవాళ్ళకి అందించాడు, అది అందరూ చూశారు.

జాబితాలో అచ్చులో పది పనులే ఉంటాయి. ఆఫీసరు ఒకటో నంబరుకి పైన చేత్తో ఒక వరస గీసి వాలుదారి అని రాశాడు. దాని కింద మంచినీళ్ళు, ఆ కింద ఆస్పత్రి. పైవాళ్ళు ఎందుకని అడిగితే చూపించడానికి ఫారం కూడా జతచేశాడు. పైవాళ్ళు అడగలేదు. కవరు ఎత్తగానే వాళ్ళకి తెలిసిపోయింది.

కాటా బాబాయ్ నెలాఖరుకి రిటైరయ్యాడు. ఆఫీసువాళ్ళు దండ వేస్తే ఎడమ భుజం మీద తువ్వాలు తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు. ఆ తర్వాత రోజూ సైకిలు షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చుని వాలుదారి పని చూసేవాడు. బావగారి మేస్త్రీలకి ఆ కాపలా నచ్చలేదు. అయినా సిమెంటులో ఇసుక ఎక్కువైతే తట్ట ఎత్తి చూసి చెప్పేసే మనిషిని ఏమనగలరు?

వానలు మొదలయ్యేలోగా దారి అయిపోయింది. మెట్ల పక్క ఖాళీ జాగాలో నాలుగు మలుపులు తిరిగి, పక్కన ఇనప కమ్మీతో, పై రోడ్డు దాకా. మొదటి రోజు పొద్దున కంప్యూటరు అమ్మాయి వచ్చింది, ఆఫీసరు కొడుకునెత్తుకుని వచ్చాడు. చక్రాల కుర్చీని సైకిలు షాపు నుంచి కిందికి దింపారు. రేడియో దాంట్లో తన ఇంటి గుమ్మంలోనే కూర్చుంది. రెండు మలుపులు తనే తోసుకుని ఎక్కింది, మిగిలిన రెండూ తల్లి తోసింది. పైకి చేరాక బొత్తాలావిడ ఒకసారి వెనక్కి చెయ్యి పెట్టి తన వీపు తడుముకుంది. ఏదో మర్చిపోయి వచ్చిన మనిషిలా నిలబడింది. కాటా బాబాయ్ తన భుజం తడుముకున్నాడు. అక్కడా ఏమీ లేదు.

ఆ రోజు బడి నుంచి వచ్చాక బొత్తాలావిడ బాబాయ్‌నీ ఇంటావిడనీ భోజనానికి పిలిచింది. చాప మీద నలుగురూ కూర్చున్నారు. రేడియో ఆ రోజు బళ్ళో జరిగినవన్నీ చెబుతూ పళ్ళెంలోది మొత్తం తినేసింది. అడుగు దాకా తుడిచేసింది. తర్వాత ఖాళీ పళ్ళేన్ని తల్లి ముందుకి జరిపింది.

"ఇంకొంచెం పెట్టమ్మా."

గరిట పట్టుకున్న తల్లి చెయ్యి గాల్లోనే ఆగింది. ఇన్ని నెలలుగా సగం సగం మిగిలిన పళ్ళేలన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళ ముందుకొచ్చాయి. కూతురి మొహం చూసింది, బాబాయ్ మొహం చూసింది. బాబాయ్ పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"పెట్టమ్మా," అంది రేడియో. "ఇక మోసేది సిమెంటేగా."

బొత్తాలావిడ పెట్టింది. పళ్ళెం నిండా పెట్టింది. పిల్ల చాలు చాలంటున్నా వినిపించుకోకుండా మళ్ళీ పెట్టింది.